పాత చీరల బొంతకు మిషన్ కుట్టు: దారం, డిజైన్ ఎంపిక

పాత చీరలను పొరలుగా పరిచి కుట్టే మన బొంతే బెంగాల్‌లో కాంథా, బిహార్‌లో సుజని. కాంథాను చీర అంచుల నుంచి లాగిన దారాలతోనే కుట్టేవారు. చేత్తో అతికిన బొంతను మిషన్‌పై ముగించాలంటే లెక్క మారుతుంది. చేతికుట్టుకు దారం ఒక్కటే. మిషన్‌లో పైదారం, బాబిన్ దారం పొరల మధ్య మెలిపడతాయి. అందుకే కుట్లు దట్టమైన కొద్దీ బొంత బిరుసెక్కుతుంది. అరిగిన చీరకు ఇంకో ముప్పు: సూది రంధ్రాలు దగ్గరపడితే అక్కడే చిరుగుతుంది, విప్పినా మచ్చ మిగులుతుంది. అమ్మ చీర మీద ప్రయోగాలొద్దు. ముందు పనికిరాని ముక్కపై కుట్టి చూడాలి. ఎడంగా ఉండే నిలువు గీతలు, పెద్ద వంపులు మేలు.

నూలు బట్టకు 50 నంబరు నూలు దారం సరిపోతుంది. డిజైన్ తేలి కనిపించాలంటే 40. నంబరు తగ్గితే దారం లావు. పాలిస్టర్ దారం గట్టిదే, కానీ లాగుడు పడితే తెగేది చీర. రంగులు కలగలిసిన అతుకులపై లేత బూడిద రంగు దారం ఇట్టే కలిసిపోతుంది.

లోపల దూది పొర ఉంటే, దాని ప్యాకెట్‌పై ఇచ్చిన కుట్ల దూరం మించకూడదు. మించితే ఉతుకులో దూది ఉండలు కడుతుంది. ముడతలు పడకుండా మిషన్ కుట్టు మధ్య నుంచి అంచులకు సాగాలి. కర్ణాటక సిద్దీల కవందీలో మాత్రం చేతికుట్టు అంచున మొదలై లోపలికి నడుస్తుంది.