పాతర జొన్నలు, సిరా బుడ్డి దీపం

జర ఎనుకకు జరుగు బిడ్డా. అది తుమ్మ మొద్దు, చిటపటమని నిప్పులు ఎగురుతయి. బీదర్ చలి అంటె మీ హైదరాబాద్ చలి కాదు. గుట్ట మీది ఊరాయె, పుష్యమాసంల పొద్దు గూకిందంటె ఎముకలు కొరుకుతది. కరెంటు ఎట్లాగూ పోయింది, కూసోండ్రి.

పొద్దున మీ నాయిన ఫోన్ల ఏదో సంచి చూపెట్టిండు. ఆపద వస్తె అక్కరకొస్తదంట. టార్చి, బిస్కీట్లు, నీళ్ల సీసలు, గాయాల పట్టీలు అన్ని ముందే సర్ది అమ్ముతున్నరు. మంచిదే, నేను వద్దన. కాని కొన్నంక ఆ సంచి ఏడికి పోతది? అటక మీదికి. ఎప్పుడో ఒకనాడు దించి చూస్తె టార్చిల సెల్లు కారిపోయి ఉంటది, బిస్కీటుకు బూజు పట్టి ఉంటది. మా కాలంల ఆపద సామానని వేరే లేకుండె. రోజూ వాడేదే ఆపదల వాడేది. అందుకె అది పాడైతె ఆ పొద్దే తెలిసేది, ఆ పొద్దే బాగు చేసుకునేది.

దీపపు బుడ్డినే తీసుకోండ్రి. మా ఇంట్ల కందిలి ఒక్కటుండె. అది నాయిన రాత్రి పొలానికి నీళ్లు కట్టవోతె ఆయన ఎంబడే పోయేది. ఇంట్లకు బుడ్డీలు మేము పిల్లలమే చేసేటోళ్ళం. సిరా సీస కావాలె, దానికి రేకు మూత కావాలె. మూత నడుమ మొలతోని బొక్క కొట్టి, సైకిలు పంచరు దుకాణంల పాత ట్యూబు వాల్వు అడుక్కొచ్చి అండ్ల బిగించేటోళ్ళం. వత్తికి పాత ధోతి పేలిక. వత్తి వదులైతె పొగ కక్కుతది, మంట లోపలికి దిగే భయం ఉంటది. మరీ బిగుతైతె నూనె ఎక్కదు. రెండు ఏళ్ల నడుమ పేనుకుంట, వాల్వుల దూర్చి గుంజి చూసి సరి చెయ్యాలె. ఆ ఇత్తడి గొట్టం ఊరికె అందానికి కాదు. మంటను మూతకు పైన దూరంగ పెడ్తది, సీసల నూనె వేడెక్కకుండ కాస్తది.

గ్యాస్‌నూనె కంట్రోలు దుకాణంల కొలిచి పోసేటోళ్ళు. అది అయిపోతె ఆముదమే దిక్కు. అయితె ఆముదం బుడ్డిల పోస్తె వెలగదు బిడ్డా, చిక్కటి నూనె, సన్న గొట్టంల ఎక్కదు. దానికి నోరు తెరిచిన మట్టి ప్రమిద, లావు వత్తి ఉండాలె.

బుడ్డి దీపంతోని ఒక్కటే గండం. సీస పొడుగ్గ, సన్నగ ఉంటె చెయ్యి తగిలినా పడ్తది, దొర్లుతది, చీరె అంటుకుంటది. శ్రీలంకల విజయ గోడకుంబుర అని ఒక సర్జను ఉండె. గిట్ల కాలినోళ్ళకు ఆపరేషన్లు చేసి చేసి, అసలు దీపాన్నే మార్చాలె అనుకున్నడు. పొట్టిగ, బరువుగ, రెండు దిక్కుల చదునుగ ఉండే సీస చేయించిండు. పడ్డా దొర్లది. మూత మర మూత, ఊడదు. 1998ల ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. మా అమ్మకు ఏ అవార్డూ రాలె గాని, ఆమె కూడ బుడ్డిని సగం దాక ఇసుక పోసిన రేకు డబ్బల నిలబెట్టేది. వెలిగే దీపంల నూనె పోస్తె మాత్రం చేతి మీద ఒక్కటిచ్చేది.

ఇగ పాతర ముచ్చట. ఇది మీరు చూడలె.

పాతర తవ్వుడంటె ఊరికె గుంత తవ్వుడు కాదు. మొదలు జాగ చూడాలె. వాన నీళ్లు నిలువని ఎత్తు జాగ, కింద గట్టి మొరం ఉండాలె. నల్లరేగడి పనికిరాదు; ఎండకు పగులుతది, వానకు ఉబ్బుతది, తేమ పట్టుకుంటది. మూతి మనిషి దిగేంత, లోపలికి పోను పోను వెడల్పు, కుండ కడుపు లెక్క. తవ్వినంక ఎర్రమట్టిల పేడ కలిపి గోడలకు మెత్తి, ఆరినంక లోపల పిడకలు, కంది కట్టె ఏసి మంట పెట్టేటోళ్ళు. గోడ కాలి గట్టిపడ్తది, చెమ్మ పోతది. బూడిద ఎత్తిపోసి అడుగున జొన్న చొప్ప పరిచి, గోడల పొంటి ఎండుగడ్డి నిలబెట్టుకుంట గింజలు పోసేది.

ఆ గింజలను మా అవ్వ చూడంది పోయనిచ్చేది కాదు. ఒక్క జొన్న గింజ పండ్ల నడుమ పెట్టి కొరికేది. టక్కుమని పలగాలె. మెత్తగ నలిగిందా, మళ్ల ఎండల పొయ్యిండ్రి అనేది. కూలోళ్ళు గొణిగినా, నాయిన కసిరినా ఆమె ఇనేది కాదు. పాతర నిండినంక పైన మళ్ల చొప్ప, దాని మీద బండ, సందులకు మట్టి, ఆ మీద మూరెడు మన్ను పోసి చదును చేస్తె అయిపాయె. తెలియనోడు దాని మీద నడిచిపోయినా కింద జొన్నలున్నయని ఎరుక కాదు. 1948ల పోలీసు యాక్షనుకు ముందూ ఎనుకా ఈ జిల్లా ఎంత భయపడ్డదో చెప్పనలవి కాదు. ముందు ఒకరు ఏడ్చిండ్రు, తర్వాత ఇంకొకరు ఏడ్చిండ్రు. ఆ రోజులల్ల గింజలే కాదు, ఇత్తడి బిందెలు కూడ పాతరల్ల పండుకున్నయి.

పురుగు పట్టదా తాతా అంటవు. పట్టదు. ఎందుకంటె గింజ బతికే ఉంటది, ఊపిరి పీలుస్తది. లోపల చిక్కిన గాలిని గింజ, పురుగు కలిసి వాడేస్తయి. మిగిలేది బొగ్గుపులుసు గాలి. అండ్ల పురుగు బతకదు. మందు లేదు, మాకు లేదు. గోడ పక్క గింజలు కొన్ని నల్లబడి ముక్క వాసన కొడ్తయి, అవి పశువులకు పెట్టేటోళ్ళం. నడుమయి ఏండ్ల కొద్ది ఆగుతయి. పాతర జొన్న రొట్టెకు ఒక వాసన ఉంటది. కొత్త కోడండ్లు మూతి ముడిచేటోళ్ళు. మాకు అదే కమ్మగుండేది.

పురుగును చంపే గాలి మనిషిని ఇడిచిపెడ్తదా? ఆ గాలి బరువైంది, పైకి రాదు, అడుగునే ఉంటది. వాసన లేదు, రంగు లేదు. అందుకె పాతర మూత తీసిన పొద్దు ఎవరూ దిగేటోళ్ళు కాదు. ఒక రోజంతా తెరిచి పెట్టేది. వేప మండలు గుత్తిగ తాడుకు కట్టి లోపలికి దించి, గుంజి, దించి, గాలి కలబెట్టేది. తర్వాత వెలిగించిన దీపం దించేది. దీపం ఆరిపోయిందా, దిగుడు లేదు. వెలిగినా సరే, దిగెటోని నడుముకు తాడు, ఆ తాడు పైన ఇద్దరి చేతిల. లోపలున్నోడు మాట్లాడుకుంటనే ఉండాలె. మాట ఆగిందంటె గుంజుడే. ఒకడు పడ్డడని ఇంకొకడు తాడు లేకుండ దిగితె రెండు పీనుగులు లేస్తయి.

పాతరలంటె మా అవ్వకు దామాజీ పంతు కత యాదికొచ్చేది. దుర్గాదేవి కరువుల మంగళవేఢల ఆయన అధికారి. కొలువు బీదర్ పాదుషాది. జనం ఆకలికి రాలిపోతుంటె పాదుషా ధాన్యం కొట్లు తెరిచి పంచిపెట్టిండంట. పట్టి తెమ్మని బీదర్ నుంచి హుకుం పోయింది. ఆయన బయలెల్లేలోపల పండరి విఠలుడే విఠూ అనే మహారు రూపంల బీదర్ దర్బారుకొచ్చి, ధాన్యం పైసలన్ని లెక్క కట్టి రసీదు తీసుకున్నడని కత. నిజమా కాదా అని నన్నడగకు. కోట గోడ చూపెట్టి ఈ దర్వాజ నుంచే వచ్చిండు అనేది మా అవ్వ, నేను నమ్మేటోన్ని. ఈ కత పుట్టిన ముల్కుల కరువంటె ఏందో, నింపిన కొట్టు విలువేందో జనానికి బాగ ఎరుకుండె. అంతవరకు నాకు అనుమానం లేదు.

మరి పాతరలు ఎందుకు పోయినయి? ఐబ్రీడ్ జొన్న వచ్చింది, 1964 తర్వాత. దిగుబడి ఎక్కువ, నిజమే. కాని అది వానల్లనే కోతకొస్తది, కంకి మీదనే బూజు పడ్తది. తడి గింజను పాతరల పోస్తె కుళ్ళుతది. అంతల కంట్రోలు బియ్యం వచ్చె. తెల్లన్నం తినుడు మర్యాదాయె, జొన్న రొట్టె బీదోళ్ళ తిండాయె. 1972 కరువు వచ్చేటాళ్లకు సగం పాతరలు ఒట్టి గుంతలు. బర్లు, ఎడ్లు అంగట్ల ఎంతకడిగితె అంతకు పోయినయి. జనం రాళ్లు కొట్టే పనికి, రోడ్డు పనికి పోయిండ్రు. మా వాడల ఇంకా మాలదండి జొన్న ఏసి, ఎండబెట్టి పాతరల పోసిన రెండు మూడిండ్లోళ్ళు ఎడ్లను అమ్ముకోలె. ఒక పూట రొట్టె, ఒక పూట అంబలి, ఇంతె. కాని అప్పు చెయ్యలె.

నీళ్ల కాడ మన బీదర్ అదృష్టవంతురాలు. పైన ఎర్ర రాయి, బొక్కల రాయి, నీళ్లు తాగుతది. కింద నల్ల రాయి, నీళ్లను దిగనియ్యది. ఆ రెండు కలిసే కాడ ఊట బయటికొస్తది. నర్సింహ ఝరా, నానక్ ఝరా గట్లనే పుట్టినయి. నౌబాద్ కాడ సురంగ బాయి చూసిండ్రా? బహమనీల కాలంల పర్షియా పద్ధతిల భూమి లోపల కాల్వ తొలిచి, గాలికి, మట్టి ఎత్తుటానికి 20కి పైన బాయిలు పెట్టిండ్రు. మోటర్ లేదు, వాలు మీద నీళ్లు వాటంతట అవే పారుతయి. నడుమ ఎన్నో ఏండ్లు దాన్ని పూడ్చుకున్నరు, చెత్త పోసిండ్రు. తర్వాత మళ్ల పూడిక తీసిండ్రు.

ఇంట్ల మాత్రం వానాకాలం బురద నీళ్లకు చిల్లగింజే. కుండ లోపల తడి చేసి గింజను నాలుగు చుట్లు అరగదీసి నీళ్లు పోస్తె, తెల్లారెటాళ్లకు మన్ను అడుక్కు దిగుతది. అది మురికిని దించుతది గాని రోగాన్ని పూర్తిగ దించదు, కాగపెట్టుడు తప్పదు. కలరా రోజులు చూసిన అవ్వ పొయ్యి మీద నీళ్లు తెర్లకుండ ముట్టనిచ్చేది కాదు.

పాతదంతా మంచిదని నేననుకోను. 1993 సెప్టెంబర్ 30, తెల్లారుగట్ల 3 గంటల 56 నిమిషాలకు కిల్లారి కాడ భూమి కదిలింది. మనకు పడమటికి నూరు కిలోమీటర్లకు పైన. అయినా మా ఇంట్ల గూట్ల చెంబులు కింద పడ్డయి. ముందటి రాత్రి గణపతుల నిమజ్జనం, జనం అలిసి ఆదమరిచి పండుకున్నరు. దగ్గరదగ్గర 10,000 మంది పోయిండ్రు. చంపింది భూమి కాదు, గోడలు. రెండు మూరల లావు రాతి గోడ, లోపలి వరుస వేరు, బయటి వరుస వేరు, నడుమ గులకరాళ్లు, మన్ను. ఊపితె రెండు వరుసలు రెండు దిక్కుల పాయె, మిద్దె మీది మట్టి నెత్తిన పడె. మన గోడలూ గట్లనే ఉండె, కాబట్టి నిద్ర పట్టలె. వారం రోజులు వాకిట్లనే పండుకున్నం. బోర్లించిన గ్లాసు మీద నీళ్ల చెంబు పెట్టేటోళ్ళం, మళ్ల కదిలితె పడి చప్పుడైతదని. పిల్లులు పడగొట్టి రెండు సార్లు ఊరంతా ఉరికిచ్చినయి.

తర్వాత ఇంజనీర్లు వచ్చి చూపెట్టిండ్రు. గోడల అక్కడక్కడ రాళ్లు తీసి, ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు బొక్క చేసి, కొక్కెం లెక్క వంచిన ఇనుప సలాక పెట్టి కాంక్రీటు నింపితె రెండు వరుసలు ఒక్కటైతయి. కొత్తగ కట్టేటోళ్ళకైతె గోడ వెడల్పంత పొడుగు రాయి నడుమ నడుమ ఎయ్యాలె. ఈ ఇంటికి నేను పెట్టిచ్చిన. మీ వెనుక గోడకు చదరం చదరం సిమెంటు మచ్చలున్నయి చూడుండ్రి, అవే అవి.

ఇగ విత్తనాల సంగతి చెప్పి లేస్త. దానికి మొదలు జహీరాబాద్ ముచ్చట చెప్పాలె. 1956 నవంబర్ 1న జిల్లాను మూడు ముక్కలు చేసి పంచిండ్రు. మనం మైసూరుకు, జహీరాబాద్ మెదక్‌కు, ఉద్గీర్ దిక్కు బొంబాయికి పోయింది. మా చెల్లె ఒక రాష్ట్రం, నేనొక రాష్ట్రం. ఆ జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983ల పెట్టిండ్రు. అక్కడి సంఘాల ఆడోళ్ళు, ఎక్కువ దళిత ఆడోళ్ళు, మా అవ్వ చేసిన పనే చేస్తున్నరు. ఈత బుట్టకు పేడ మెత్తి, అండ్ల విత్తనం, బూడిద, వేపాకు కలిపి, మూతికి మట్టి మెత్తుతరు. కరువొచ్చి ఎవరి ఇంట్ల విత్తనం అయిపోతె సంఘం బుట్టల నుంచి తీసుకుంటరు, పంటకు అంతకంటె ఎక్కువ తిరిగిస్తరు. 1990ల నడుమ బీడు భూములు దున్ని జొన్న ఏసి, ఆ జొన్నలను ఊళ్లనే దాచి, పేదోళ్ళకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. 2019ల వాళ్ల సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

సంక్రాంతి కాడ నుంచి నెల రోజులు వాళ్లు ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకోని ఊరూరు తిరుగుతరు, పాత పంటల జాతర అంటరు. ఇక్కడికి 30 కిలోమీటర్లే. ఫోన్ల ఆ సంచి కొనేముందు ఒక పొద్దు పోయి చూసి రండ్రి, మీ నాయినను కూడ తీస్కపోండ్రి. వాళ్లకు నేను సలాం చెప్పిన్నని చెప్పుండ్రి.