బడిలో బొమ్మల పాఠము: ఒక పూర్వగాథ

కుతుబ్‌షాహీల కాలమునాటి సరూర్‌నగరు చెరువునకు అనతిదూరమున, నేడు దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు వైపు మెట్రోరైలు సాగిపోవు రాజమార్గము ప్రక్కన, విక్టోరియా మెమోరియల్ హోము అను పేర ఒక విశాలమైన ప్రాంగణము కలదు. అచ్చటి మెట్రో స్టేషనునకు సైతము ఆ పేరే పెట్టిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కట్టించుకొన్న సౌధమును, 1901లో విక్టోరియా రాణి మరణించిన పిమ్మట ఆమె స్మారకముగా అనాథబాలల కొరకు ఒసంగగా, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఈ సంస్థ వెలసెను. తల్లిదండ్రులు లేని బిడ్డకు అక్షరముతోపాటు చేతిపనియు నేర్పినగాని వానికి బ్రదుకు నిలువదనునది ఆ కాలమున ఇట్టి ఆశ్రయములన్నిటికిని మూలమైన ఆశయము. సరూర్‌నగరు బడులలో బొమ్మల పాఠమును గూర్చి వ్రాయబూనినవాడు ఈ ప్రాంగణమునుండియే ఆరంభింపవలెనని నా యభిప్రాయము; ఏలయన మన దేశమున చిత్రలేఖనము పాఠశాల గడప తొక్కినది చేతిపని వెంటనే.

1850లో మద్రాసున అలెగ్జాండర్ హంటర్ అను శస్త్రవైద్యుడు సొంత వ్యయముతో స్థాపించిన కళాపాఠశాల దక్షిణదేశమున ఈ విద్యకు తొలి ఆలవాలము. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, నేతగానికి కొలత యెరిగిన చేయియు, వంకరను పట్టగల కన్నును అలవడవలెనన్నచో గీత గీయుట నేర్పక తప్పదని ఆనాటివారు తలంచిరి. ఇంగ్లండున సౌత్ కెన్సింగ్టనువారు ఏర్పరచిన క్రమము ప్రకారము విద్యార్థి 23 మెట్లు ఎక్కవలసియుండెను: సరళరేఖతో ఆరంభించి, అచ్చుపటమును చూచి రేఖామాత్రముగా దింపుట, పిదప నీడలు వేయుట, ఆ పిదప ప్లాస్టరు బొమ్మను ఎదుట నుంచుకొని గీయుట, ఇట్లు ఒకదానివెంట నొకటి. ఆ క్రమమే సంక్షిప్తమై మన జిల్లా బడులకు దిగివచ్చెను. ఫ్రీహ్యాండు రేఖాచిత్రము, నమూనా చిత్రణము, జ్యామితీయ రేఖనము, అలంకారరచన మొదలగు విభాగములతో ప్రభుత్వము జరుపు లోయరు, హయ్యరు పరీక్షలలో ఉత్తీర్ణుడై, వేసవిలో 42 దినముల శిక్షణ ముగించి, టి.టి.సి. అను ఉపాధ్యాయ శిక్షణ పత్రము చేతబట్టినవాడు డ్రాయింగు మాస్టరు. తెలంగాణమున పిల్లలు ఆయనను డ్రాయింగు సారని పిలుతురు. ఆ పరీక్షలును, ఆ వేసవి శిక్షణయు నేటికిని సాగుచునే యున్నవి.

ఆ పాత తరగతి నడచిన తీరును కొంచెము దగ్గరగా చూతము. మాస్టరు నల్లబల్లపై సుద్దతో ఒక దీర్ఘచతురస్రము గీసి, దానిని నిలువునకు నాలుగు, అడ్డమునకు నాలుగు గళ్లుగా విభజించును. పిల్లలు డ్రాయింగు పుస్తకమున స్కేలు పెట్టి అవే గళ్లు గీసికొందురు. మామిడికాయ తొడిమ ఎన్నవ గడిలో మొలచినది, భుజము ఏ గీతను తాకినది, ముక్కు ఏ మూలకు వంగినది అని పలుకుచు మాస్టరు ఒక్కొక్క గడిలోని వంపును దించుచుండగా, అరువదిమంది పిల్లలు తలలు వంచుకొని ఆయన వెంట నడతురు. నలుబది నిమిషములు గడచి గంట మ్రోగునప్పటికి అరువది పుస్తకములలో అరువది మామిడికాయలు ఒకే పోలికతో వెలయును. తరగతిలో సద్దు ఉండదు. తప్పెవరిదో ఒప్పెవరిదో గళ్లే చెప్పును. మార్కులు వేయుట సులువు.

ఈ పద్ధతిని నేడు నిందించువారు పెక్కుమంది కలరు గాని, ఒక్క ఉపాధ్యాయుడును ఒక్క సుద్దముక్కయు తప్ప మరేమియు లేని బడిలో ప్రతి బిడ్డ చేతికిని ఒక పని నిచ్చి, నాకు బొమ్మ రాదను బెదురును తొలి దినముననే పోగొట్టిన మేలు దానిది. నిజాము రాష్ట్రమున పై తరగతుల బోధన ఉర్దూలో సాగిన రోజులలో, ఇంట తెలుగు మాటాడు పిల్లవాడు భాష యడ్డురాకుండ తోటివారితో సమానముగా నిలువగలిగిన పాఠము ఇదియొక్కటియే యైయుండును. ఆ మేలును విస్మరింపరాదు. కాని దాని కీడు కూడ తక్కువది కాదు. ఇంటి పెరటిలో చెట్టెక్కి కాయలు కోసిన పిల్లవాడే బడికి వచ్చి, తాను చూచిన కాయను ప్రక్కకు నెట్టి, నల్లబల్లమీది కాయను దించుట నేర్చుకొనెను. కన్ను నేర్చినదానిని చేయి మరచెను.

విచిత్రమేమనగా, ఈ కీడునకు విరుగుడు ఆ పరీక్షాక్రమములోనే యుండెను. ఎదుట పెట్టిన వస్తువును చూచి గీయు నమూనా చిత్రణమును మన బడులు తగినంతగా వినియోగించుకొనలేదని నా దృఢవిశ్వాసము. ఒక ముక్కాలిపీటపై ఇత్తడి చెంబునుంచి, పిల్లలను దాని యెదుట అర్ధచంద్రాకారముగా కూర్చుండబెట్టుడు. నేలమీద చాపపై కూర్చున్న బిడ్డకు చెంబు అంచు దాదాపు సరళరేఖవలె గోచరించును. బల్లపై కూర్చున్నవానికి అదే అంచు సన్నని అండాకృతి. వెనుక నిలుచున్నవానికి మరింత విప్పారి, లోపలి చీకటి సైతము కానవచ్చును. కిటికీ వైపున నున్నవానికి మెరపు ఒక ప్రక్క, గోడ వైపువానికి వేరొక ప్రక్క. ఇక పొరుగువాని పుస్తకములోనికి తొంగిచూచి ప్రయోజనమేమి? వాని చెంబు వేరు, వీని చెంబు వేరు. గదమాయింపకయే తరగతి కుదుటపడును. ఏలయన ప్రతివానికిని తన చోటునుండి తానొక్కడే చూడగల వస్తువొకటి దొరకినది. దిద్దదలచిన ఉపాధ్యాయుడు సైతము ఆ బిడ్డ ప్రక్కన వంగి, వాని కన్నుల ఎత్తునుండి చూచినగాని తప్పు పట్టజాలడు. బొమ్మల తరగతిలో క్రమశిక్షణ యనగా నోళ్లు మూయించుట కాదు, పనిని కుదుర్చుట యని నేను నమ్ముదును. ఆ నమ్మకమునకు ఈ చెంబుకంటె మించిన సాక్ష్యము నాకు కానరాదు.

పశ్చిమదేశములలో ప్రతిని దించుటనుండి బిడ్డ సొంత చూపునకు జరిగిన మార్పునకు నాంది పలికినవారిలో ముఖ్యుడు వియన్నా నగరమున 1897లో బాలల కళాతరగతిని నెలకొల్పిన ఫ్రాంజ్ చిజెక్. పెద్దల బొమ్మలను అనుకరింపజేయక, పిల్లల మనస్సునుండి వెలువడు బొమ్మను ఆదరించినవాడాయన. మన తెలుగునాట ఆ వెలుగు వేరొక దారిన వచ్చెను. రాజమహేంద్రవర కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే చెప్పవలసిన పాఠము ఆంగ్లసాహిత్యమేయైనను, ఆయన చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకుల చేతిలోని కళను గుర్తించి, పోషించినవాడాయనయే. బొంబాయిలో శిక్షణ పొంది మరలివచ్చిన రామారావు 1920ల తొలినాళ్లలో రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో ఇరువదెనిమిదవ యేటనే కన్నుమూయుట తెలుగువారి దురదృష్టము. 1910లో వెలసిన బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయునివద్ద చిత్రకళ నభ్యసించిన బాపిరాజు తరువాత ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను.

ఇక హైదరాబాదునకు అజంతా అందుబాటున నుండెను. ఆ గుహలు నిజాము రాజ్యములోనివే గదా! ఆంగ్ల చిత్రకారిణి లేడీ హెరింగ్‌హాము 1909 మొదలు 1911 వరకు అచ్చటి భిత్తిచిత్రములకు ప్రతులు వ్రాయించినప్పుడు, నందలాల్ బోసు ప్రభృతులతోపాటు హైదరాబాదు వారైన సయ్యద్ అహ్మదు, మహమ్మద్ ఫజ్‌లుద్దీను సైతము ఆ పనిలో పాల్గొనిరి. 1940లో నగరమున ప్రభుత్వ కళాపాఠశాల ఏర్పడెను. కొండపల్లి శేషగిరిరావు వంటివారు అచ్చట చదివి, శాంతినికేతనమున మెరుగులు దిద్దుకొని, మరల అచ్చటనే ఆచార్యులైరి.

అంతకుముందే, 1937లో, గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీము అను విద్యావిధానమునకు పాఠ్యప్రణాళిక కూర్చిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదున జన్మించిన డాక్టరు జాకిర్ హుస్సేను. చేతిపనిని కేంద్రముగా గొన్న ఆ ప్రణాళికలో చిత్రలేఖనమునకును స్థానము లభించెను. 1944లో సేవాగ్రామపు బడిలో కళోపాధ్యాయుడుగా చేరిన దేవీప్రసాదు అను శాంతినికేతన విద్యార్థి, పల్లెపిల్లల మధ్య తాను గడించిన అనుభవమును గ్రంథరూపమున వెలయించెను. చేతిపనియు స్వేచ్ఛయు పరస్పరవిరోధులు కావని ఆ బడి చాటినది.

తెలంగాణమున ఈ సమన్వయమును ఆచరణలో చూపిన డ్రాయింగు సారు సిద్ధిపేట కాపు రాజయ్య. 1925లో జన్మించి, హైదరాబాదున కళ నభ్యసించి, సొంత ఊరి బడిలోనే పిల్లలకు బొమ్మలు నేర్పుచు, అచ్చటనే లలితకళాసమితిని నెలకొల్పి, 2012లో మరణించువరకు ఆయన సిద్ధిపేటను విడువలేదు. బోనములెత్తిన స్త్రీలు, బతుకమ్మలు, పల్లెజీవనము ఆయన చిత్రములకు విషయములు. చేర్యాల నకాశీ పటములలోని చిక్కని రంగులును, దిటవైన రేఖయు ఆయన శైలికి పునాది. జాతీయఖ్యాతి గడించిన చిత్రకారుడు జిల్లా బడిలో ఉపాధ్యాయుడుగా నుండుట తక్కువపాటు కాదనుటకు ఆయన జీవితమే ప్రమాణము.

ఆ మార్గమున నడువదలచిన ఉపాధ్యాయునికి ధనము అంతగా అవసరము లేదు. పసుపు, జాజు, నీలిమందు, దీపపుమసి, సున్నము ఈ ఐదింటిని నూరి తుమ్మజిగురు కలిపినచో తరగతి కంతటికిని రంగులు సిద్ధమగును. పసుపులో సున్నము కలిసినప్పుడు ఎరుపు పుట్టుట, పారాణి కలుపు నింటి పిల్లలకు తెలిసిన సంగతియే. కొబ్బరిచిప్పలలో నీరు, నేలపై పాత వార్తాపత్రికలు, వరుస కొక నాయకుడు, గంటకు ఐదు నిమిషముల ముందే కుంచెలు కడిగి వరుసగా నుంచుట, ఈ కట్టుబాట్లు మొదటి వారముననే నెలకొన్నచో ఏడాదియంతయు కేకలు వేయు పని యుండదు. త్వరగా ముగించిన బిడ్డ చేతికి బొమ్మచుట్టు అంచు నల్లు పని నియ్యవలెను; వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయు ఆడపిల్లకు సౌష్ఠవమును గూర్చి పాఠము చెప్పనక్కరలేదు, ఆమెచేతనే చెప్పింపవచ్చును. అల్లరిపిల్లవానికి రంగుల గిన్నెల బాధ్యత నొప్పగించుట అనుభవజ్ఞులైన మాస్టర్లందరు ఎరిగిన ఉపాయము.

ఇక నేటి మాట. నా చిన్నతనమున ఊరివెలుపలి తోటలని విన్న ఈ సరూర్‌నగరు ప్రాంతము ఇప్పుడు కాలనీలతో క్రిక్కిరిసి, దిల్‌సుఖ్‌నగరు కోచింగు కేంద్రముల పేర రాష్ట్రమంతట ప్రసిద్ధమైనది. 2009నాటి విద్యాహక్కు చట్టము 100 మందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలకు కళావిద్యకై అంశకాలిక బోధకు డుండవలెనని విధించినది. నిరంతర సమగ్ర మూల్యాంకనమున కళలకు గ్రేడు వేయు గడియు కలదు. అయినను పదవతరగతి సమీపించినంతనే టైంటేబిలులోని డ్రాయింగు పీరియడు లెక్కల పీరియడుగా మారిపోవుటయు, డ్రాయింగు సారు ఆగస్టు పదునైదవ తేదీ బ్యానర్లకును, సైన్సు చార్టులకును, ధ్రువపత్రములపై పేర్లు వ్రాయుటకును మాత్రమే జ్ఞప్తికి వచ్చుటయు మనమెరిగినవే. ఇది నాకు తీవ్రమైన మనోవేదన కలిగించుచున్నది. గళ్ల మామిడికాయను విమర్శించి తొలగించిన మనము, దాని స్థానమున చెంబును పెట్టలేదు, పీటనే తీసివేసితిమి.

సరూర్‌నగరు మండలములోని ప్రధానోపాధ్యాయులకును, తల్లిదండ్రులకును నా విన్నపమొక్కటే: వారమునకు రెండు పీరియడులు బొమ్మలకు విడిచి, పరీక్షలు వచ్చినను వానిని తాకకుడు, ఆ పీరియడులకు శిక్షణ పొందిన డ్రాయింగు ఉపాధ్యాయుని నియమింపుడని అధికారుల నడుగుడు.