సికాకోల్ సర్కారు రస్తా

నరసన్నపేట బజార్లో మా పేరు చెప్పగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "తమరెక్కడ్నుంచి వచ్చేరండి?" అడిగేవాళ్లకి ద్వేషం లేదు. జిల్లాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు, అందుకే ఈ పేరు హైదరాబాదుదో గుంటూరుదో అయి ఉండాలనుకుంటారు.

ఆ ప్రశ్న వెంటబెట్టుకునే మేం శ్రీకాకుళం నుంచి బయల్దేరాం. 2010కి ముందు అయిదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి. మడపాం దగ్గర వంశధార, ఇసుక తిన్నెలు, కొబ్బరిచెట్లు. కళ్లకి పండగే. కానీ బయల్దేరిన చోట ఒక జామియా మసీదుంది. 1641లో గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది. గుడి రాళ్లతో కట్టారని చెబుతారు. ఆ మాట దాచాల్సిన అవసరం మాకు లేదు. కూల్చినవాడి పాపానికి ఈ ఊళ్లో సైకిళ్లు బాగుచేసుకునే సాయిబు జవాబుదారీ ఎలా అవుతాడో మాత్రం మాకు అర్థం కాదు.

ఇక మతం కళ్లద్దాలు పెట్టుకుని 1753లోకి చూడండి. నిజాం గద్దె మీదున్న సలాబత్ జంగ్ సికాకోల్‌తో సహా నాలుగు సర్కార్లను ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చేశాడు. ఎదిరించింది ఎవరు? ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఖాన్! తోడుగా నాగపూర్ మరాఠాలను పిలిపించుకున్నాడు. విజయనగరం రాజు విజయరామరాజు మొదట ఆయనతో ఉండి, తర్వాత బుస్సీ పక్షం చేరాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి ఫిరంగుల్ని నడిపించింది ఆ స్నేహమే. ఎవరు హిందువుల పక్షం, ఎవరు తురకల పక్షం? బొబ్బిలి కథ బుర్రకథై ఊరూరా తిరిగింది. జాఫర్ అలీ మాత్రం ఎవరి కథలోకీ రాలేదు, మా ఇళ్లలో చెప్పుకునే కథల్లోకి కూడా.

1766లో నిజాం అలీ సర్కార్లను ఇంగ్లీషువాళ్లకి వదిలేశాడు. నవాబులు పోయారు, ఫౌజులు పోయాయి. ఖజానా, జమీందారు, తాసీల్దారు, రైతు అనే మాటలు ఉండిపోయాయి. వాటినెవరూ ఎక్కడ్నుంచి వచ్చాయని అడగరు.

నరసన్నపేట దాటితే టెక్కలి, పలాస, జీడితోటలు. ఇచ్ఛాపురం తర్వాత ఒడిశా బోర్డు. సికాకోల్ సర్కారుకి ఆ హద్దే లేదు. గంజాం కూడా అందులోదే. ఆ గీత 1936లో గీసింది.