కాగితం నుంచి కంటిపాప దాకా

సహారా సెంటర్ ముందు నిలబడితే ఇటు షార్జా, నాలుగడుగులు అటు వేస్తే దుబాయి. రెండు వైపులా పేటకు పేరు ఒకటే, అల్ నహ్దా. అరబ్బీలో ఆ మాటకు పునరుజ్జీవనం అని అర్థం. ఇటూ అటూ పాలకులు వేరు, పోలీసులు వేరు, ఇంటి అద్దె ఒప్పందం నమోదు చేసే కార్యాలయాలు వేరు. మధ్యలో గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. అద్దె తక్కువని షార్జా వైపు కాపురం పెట్టి దుబాయిలో ఉద్యోగం చేసుకునేవాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ సరిహద్దు దాటుతారు. ఎవరూ పాస్‌పోర్టు అడగరు. దేశం గుమ్మంలో ఒక్కసారి అడుగు పెడితే లోపల ఏడు ఎమిరేట్లకూ అదే వీసా.

ఆ మొదటి అడుగుకే ఒక చరిత్ర ఉంది. అందులో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప పల్లెల వాటా పెద్దది.

అల్ నహ్దాకు కొద్ది దూరంలోనే, షార్జా నడిబొడ్డున, అల్ మహత్తా అనే పాత విమానాశ్రయం ఇప్పుడు మ్యూజియంగా నిలిచి ఉంది. లండన్ నుంచి మన దేశానికి వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు రాత్రి మజిలీ చేయడానికి 1932లో షార్జా షేక్‌తో ఒప్పందం చేసుకుని దాన్ని కట్టారు. అప్పట్లో ఈ తీరాన్ని ట్రూషియల్ స్టేట్స్ అనేవారు. 1892 నాటి ఒప్పందంతో ఇక్కడి విదేశీ వ్యవహారాలన్నీ బ్రిటన్ చేతికి వెళ్లాయి. లోపలికి ఎవరు రావాలో చూసే అధికారమూ బ్రిటన్ చేతిలోనే ఉండేది. బ్రిటిష్ పొలిటికల్ ఏజెన్సీ షార్జాలో ఉండేది, 1954లో దుబాయికి మారింది. పరదేశి మంచిచెడ్డలకు స్థానికుడొకడు జవాబుదారీగా ఉండాలన్న కఫాలా పద్ధతిని చాలామంది ఎడారి తెగల ఆచారం అనుకుంటారు. దాని ఆధునిక రూపం 1920ల నుంచి గల్ఫ్‌లోని బ్రిటిష్ అధికారుల చేతుల్లో తయారైందని బహ్రెయిన్ చరిత్రకారుడు ఒమర్ అల్ షెహాబీ చూపించారు. కూలీని రప్పించే ఖర్చు, కాపలా, తిప్పి పంపే బాధ్యత అన్నీ యజమాని మీద పెడితే ప్రభుత్వానికి పని తేలిక. నేటికీ గల్ఫ్ వీసా వెనుక ఉన్న లెక్క ఇదే.

బజారులో మాత్రం ఈ తీరం మనకు పరాయిది కాదు. 1959 దాకా దుబాయి అంగళ్లలో చెల్లింది మన రూపాయే. ఆ ఏడాది మన రిజర్వు బ్యాంకు ఇక్కడి కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయిని అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాకే ఈ రాజ్యాలు దాన్ని వదిలేశాయి.

డబ్బు సులువుగా వచ్చిపోయినంతగా మనిషి రాలేకపోయాడు. పాస్‌పోర్టు పొందడమే గగనం. ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టంగా సాగిన రోజులవి. విదేశానికి వెళ్లడం పౌరుడి స్వేచ్ఛలో భాగమని 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబితే గానీ పాస్‌పోర్టు చట్టం రాలేదు. ఏయే దేశాలకు వెళ్లవచ్చో పాస్‌పోర్టు లోపలే రాసి ఇచ్చేవారు. కాగితాలన్నీ ఉన్నవాళ్లు బొంబాయిలో ఓడ ఎక్కారు. అలాంటి ఓడల్లో ఒకటైన దారా 1961 ఏప్రిల్ 8న దుబాయి దగ్గర సముద్రంలో పేలుడుతో కాలిపోయి 238 మందిని బలి తీసుకుంది. కాగితాలు లేనివాళ్లు, ముఖ్యంగా మలబారు వాళ్లు, లాంచీల్లో దొంగచాటుగా వచ్చి ఖోర్ ఫక్కాన్ ఒడ్డున దిగి కాలినడకన లోపలికి చేరారు.

1971 డిసెంబరు 2న ఈ రాజ్యాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పేరుతో ఒక దేశమయ్యాయి. రెండేళ్లకే, 1973లో, విదేశీయుల ప్రవేశం, నివాసం మీద ఫెడరల్ చట్టం వచ్చింది. చమురు ధర ఎగబాకింది కూడా ఆ ఏడాదే. రోడ్లు, రేవులు, భవనాలు కట్టడానికి వేల చేతులు కావలసి వచ్చాయి. తెలంగాణలో వలస గురించి చెప్పుకునే మూడు మాటలు ఉన్నాయి: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మొదటి రెండింటికి రైలు టికెట్టు చాలు. మూడోదానికి వీసా కావాలి. ఊళ్లో ‘వీసా’ అనే మాట అలా పుట్టింది. అప్పుకు, తాకట్టుకు, పెళ్లి సంబంధానికి అదే హామీ అయింది.

ఆ రోజుల్లో వీసా అంటే చేతికొచ్చే కాగితం కూడా కాదు. కంపెనీ వాడు అసలు వీసాను దుబాయి విమానాశ్రయంలోని కౌంటర్లో జమ చేసేవాడు. ఊళ్లో మనవాడి చేతిలో ఉండేది మసక జిరాక్స్. విమాన సంస్థ రికార్డులో ‘ఓకే టు బోర్డ్’ అని పడితేనే విమానం ఎక్కనిచ్చేవారు. దిగాక కౌంటర్ దగ్గర తన పేరున్న అసలు కాగితం దొరికేదాకా గుండె దడే. బొంబాయి లాడ్జీల్లో ఆ రెండు మాటల కోసం వారాల తరబడి కాచుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మన వైపు నుంచీ ఒక తాళం పడింది. 1983 వలస చట్టంతో రిక్రూటింగ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. తక్కువ చదువుకున్నవారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. (వలస తనిఖీ అవసరం) అనే ముద్ర వేసి, గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోమన్నారు. హైదరాబాద్‌లోనూ ఆ కార్యాలయం ఉంది. పదో తరగతి పాసైతే ఆ తనిఖీ లేదు. కూలీని మోసం నుంచి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దాన్ని తప్పించుకునే దారిని ఏజెంట్లు వెంటనే కనిపెట్టారు. ఉద్యోగానికి వెళ్లేవాణ్ని విజిట్ వీసా మీద, చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు ఎక్కించేశారు. ఈ ఒక్క అడ్డదారి మన కుటుంబాలకు చేసినంత నష్టం మరేదీ చేయలేదు.

విజిట్ వీసా గడువు తీరితే దేశం దాటి మళ్లీ రావలసి వచ్చేది. ఇంటికి వచ్చి వెళ్లే ఖర్చు ఎక్కడిది? దానికి జవాబుగా కిష్ దొరికింది. ఇరాన్‌కు చెందిన ఆ చిన్న దీవికి వీసా అక్కర్లేదు, షార్జా నుంచి కొద్దిసేపటి ప్రయాణం. అక్కడ దిగి, కిక్కిరిసిన హోటల్ గదుల్లో ఎదురుచూస్తూ కూర్చుంటే దుబాయి నుంచి కొత్త వీసా ఫ్యాక్స్‌లో వచ్చేది. కొందరికి రెండు రోజుల్లో వచ్చింది. కొందరికి చేతిలో డబ్బులు అయిపోయినా రాలేదు. 2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి తిరిగి వస్తున్న కిష్ ఎయిర్ ఫోకర్ విమానం షార్జా విమానాశ్రయం దగ్గర కూలిపోయింది. లోపలున్న 46 మందిలో 43 మంది చనిపోయారు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. వీసా మార్చుకోవడానికే దీవికి వెళ్లి వస్తున్న కూలీలు అందులో చాలామంది. ఒక కాగితం మీద తేదీ మారడం కోసం వాళ్లు ఆ విమానం ఎక్కారు. 2008లో నిబంధనలు బిగించాక ఈ రాకపోకలు తగ్గాయి.

కంపెనీ వదిలేసి, గడువు దాటిపోయి, దొరికిన పని చేసుకుంటూ బతికేవాణ్ని మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అన్నారు. పోనీలే, వదిలెయ్ అని చెప్పే అరబ్బీ మాట అది. డబ్బు కట్టి ఒకరి పేరు మీద వీసా కొని మరొకరి దగ్గర పని చేసేదాన్ని ‘ఆజాద్ వీసా’ అన్నారు. పేరులో ఆజాదీ ఉన్నా అంతకు మించిన కట్టుబాటు మరొకటి లేదు. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయం, ఊళ్లో తండ్రి పోతే విమానం ఎక్కడానికి భయం. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడే వీళ్లు బయటికొచ్చి, మన కాన్సులేట్ ఇచ్చిన ఔట్‌పాస్‌తో ఇల్లు చేరారు. 1996, 2003, 2007, 2012-13, 2018, 2024: క్షమాభిక్ష వచ్చిన ఆ ఏళ్లు గల్ఫ్ కుటుంబాలకు పండగల్లా గుర్తు. ఇన్నిసార్లు మాఫీ ప్రకటించవలసి వచ్చిందంటే లోపం కూలీలో మాత్రమే లేదని అర్థం.

ఇంటికి పంపించేసినవాడు పేరు మార్చి, కొత్త పాస్‌పోర్టుతో తిరిగి రావడం ఒకప్పుడు జరిగేదే. 2000ల తొలి ఏళ్లలో విమానాశ్రయాల్లో కంటిపాప స్కానింగ్ మొదలైంది. పేరు మారినా కన్ను మారదు. పరికరాన్ని ఏమార్చడానికి కంట్లో చుక్కలు వేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు, దానికీ విరుగుడు కనిపెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి పాస్‌పోర్టులో నివాస వీసా స్టిక్కర్ అంటించడమే మానేశారు, ఎమిరేట్స్ ఐడీ కార్డే రుజువు. అదే ఏడాది అక్టోబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు విజిట్ వీసా గడువు మీరితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా.

ఈ నిబంధనలన్నీ అల్ నహ్దా వీధుల్లో వీసా దరఖాస్తులు నింపే టైపింగ్ సెంటర్ బల్ల మీదికి వచ్చి చేరతాయి. భార్య పురిటికి అత్తగారిని రప్పించుకోవాలనుకునే అల్లుడు అక్కడ కూర్చుని ఒక్కొక్కటే అందిస్తాడు: తెల్లటి వెనుకతెరతో ఫొటో, ఆరు నెలలకు తగ్గని గడువున్న పాస్‌పోర్టు నకలు, తన ఎమిరేట్స్ ఐడీ, ఇంటి అద్దె ఒప్పందం, తిరుగు టికెట్టు. టైపు చేసే కుర్రాడి వేలు పేరు దగ్గర ఆగుతుంది. పాత పాస్‌పోర్టులో అత్తగారి పేరు ‘లక్ష్మి’ అని ఒక్కటే ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో ఒంటిపేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో ఎమిరేట్స్ ప్రకటించింది. చివరి పేజీలో తండ్రి పేరు ఉంటే పరవాలేదని తర్వాత వివరణ వచ్చింది. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టుకోవడం, ఆడవాళ్లకు అసలు రాయకపోవడం మన వాడుక. ఆ వాడుక ఇలా విమానాశ్రయం కౌంటర్ దగ్గర అడ్డం పడుతుందని ఎవరనుకున్నారు?

2023లో హైదరాబాద్‌లోనే ఎమిరేట్స్ కాన్సులేట్ తెరిచారు. కేంద్రం 2014 నుంచి నడుపుతున్న ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఎవరైనా చూసుకోవచ్చు. ఊళ్లో ఎవరైనా దుబాయిలో పని ఉందని చెప్పి చేతిలో విజిట్ వీసా పెడితే, డబ్బు కట్టక ముందే ఆ నంబరు అడగండి. పని కోసం వెళ్లేవాడికి ఉద్యోగ వీసా, ఉద్యోగ ఒప్పందం రెండూ ఇక్కడే, విమానం ఎక్కక ముందే చేతికి రావాలి. ఇంట్లో పెద్దవాళ్లను చూడటానికి రప్పించుకునేవాళ్లు ఈ రాత్రే వాళ్ల పాస్‌పోర్టు తెరిచి పేరు గడి చూడండి.