ఆది రవికయు, కాగితపు కత్తిరింపును

పెదకాకాని మల్లేశ్వరస్వామి ఆలయమునకు పోయినవారు అచ్చట పసిబిడ్డల సందడిని చూచియే యుందురు. అన్నప్రాశనకును, పుట్టువెండ్రుకలు తీయించుటకును, చెవులు కుట్టించుటకును గుంటూరు సీమ పల్లెలనుండి తల్లిదండ్రులు బిడ్డల నచ్చటికి తెచ్చుట పరిపాటి. ఆ బిడ్డల మేనిమీది క్రొత్త గౌనులను, పరికిణీలను, చొక్కాలను పరికించినచో కొన్ని అంగడిలో కొన్నవనియు, కొన్ని దర్జీ కుట్టినవనియు, కొన్ని తల్లియో అమ్మమ్మయో ఇంట కుట్టినవనియు పోల్చుకొనవచ్చును. ఈ మూడవ తెగ దుస్తులకు వెనుక నొక చరిత్ర కలదు. అది సూదికి దారమునకు సంబంధించినది మాత్రమే కాదు. మన యింటి స్త్రీ తన దేహపు కొలతను తాను తెలిసికొనిన చరిత్ర. దానినే మేమిచ్చట విచారింపదలచితిమి.

ఇది పత్తి పండు నేల. కొలదిమైళ్ల దూరమున మంగళగిరి మగ్గములున్నవి. సముద్రపు వైపున చీరాల మగ్గములున్నవి. అయినను మన పూర్వుల ముఖ్యవస్త్రములు కుట్టు లేనివి. చీరయు, పంచెయు, కండువాయు మగ్గమునుండి దిగినది దిగినట్లే కట్టుకొనదగినవి. బక్కవానికిని బలిసినవానికిని ఒకే పంచె చాలును. తల్లి చీర కూతురు కట్టును. కుట్టిన వస్త్రమట్లు కాదు. అది ఒకరి దేహమునకే చెందును. కావున కుట్టు ప్రవేశించిన నాడే కొలతయు ప్రవేశించినది.

ముందువైపు ముడివేసికొను రవిక మనకు చిరకాలముగా పరిచితమే. గుండీలును హుక్కులును గల నేటి జాకెట్టు మాత్రము పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయుల దుస్తుల ప్రభావమున రూపొందినది. 1860 తరువాతి దశకములలో వంగదేశమున ఠాకూరు వారి కోడలు జ్ఞానదానందినీదేవి చీరతో జాకెట్టును ధరించు క్రొత్తరీతిని ప్రచారము చేసెను. అది క్రమముగా చదువుకొనిన కుటుంబములలో వ్యాపించినది. తిరువాంకూరులో నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొను హక్కునకై దీర్ఘకాలము పోరాడి 1859 లో ప్రభుత్వమువారి అనుమతి పొందిరి. మన దేశముననే అనేక కుటుంబములలో వితంతువునకు రవిక నిషిద్ధమై యుండెను. గుడ్డముక్క నొకదానిని చేతులకు సరిపడ కత్తిరించి కుట్టుకొనుట కూడ సంస్కరణమే యైన కాలమొకటి మనకు గడచినదని దీనివలన గ్రహింపవలెను.

రవిక కుట్టించుకొనుటలో మనవారికొక చిక్కు కలిగెను. దర్జీ పురుషుడు, కొలత లిచ్చునది స్త్రీ. ఈ చిక్కునకు గృహిణులు కనిపెట్టిన ఉపాయమే ఆది రవిక. సరిపోయిన పాత రవిక నొకదానిని క్రొత్తగుడ్డతోకూడ దర్జీకి పంపుదురు. అతడు దానిని పరచి, దాని చొప్పున కత్తిరించును. ఇది మిక్కిలి తెలివిగల ఏర్పాటు. కాని దీనియందు రెండు లోపములున్నవి. మొదటిది, ఆదిలోని తప్పు తరతరములకు సంక్రమించును. చంక బిగువైన రవిక ఆదిగా పోయినచో వచ్చిన ప్రతి రవికయు బిగువే. కాన్పు తరువాత దేహము మారినను ఆది మారదు. రెండవది, కత్తిరింపు విద్య దర్జీయొద్దనే నిలిచిపోవును. వస్త్రము మనది, దేహము మనది. లెక్క మాత్రము పరునిది.

ఇట్టి చిక్కే వేఱొక రూపమున పాశ్చాత్య స్త్రీలకును కలిగెను. అచ్చటి స్త్రీల పత్రికలు కత్తిరింపు పటములను ప్రకటించుచుండినను అవి తఱచు ఒకే పరిమాణమున నుండెడివి. చదువరి తన కొలతకు తానే పెంచుకొనవలసియుండెను. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున స్టెర్లింగు గ్రామవాసియగు ఎబెనీజర్ బటరిక్కు అను దర్జీ 1863 లో వేర్వేరు పరిమాణములలో కాగితపు కత్తిరింపులను అమ్మ మొదలుపెట్టెను. అతని భార్య ఎల్లెను తమ బిడ్డకు గళ్లగుడ్డతో అంగీ కుట్టుచు, సరియైన పరిమాణముగల నమూనా యున్న నెంత బాగుండునని పలికెననియు, దానినుండియే ఈ వ్యాపారము పుట్టెననియు ఒక కథ కలదు. మొదట పురుషులకును బాలురకును, 1866 నుండి స్త్రీలకును ఆ కాగితములు వెలువడెను. పలుచని కాగితమును మడచి తపాలాలో పంపినచో మారుమూల పల్లెలోని గృహిణియు పట్టణపు దుస్తును కుట్టుకొనగలిగెను. 1870 లో మెకాలు, 1905 నుండి వోగు పత్రికయు, 1927 లో సింప్లిసిటీ కంపెనీయు ఆ త్రోవనే పోయినవి. యుద్ధానంతరము జర్మనీలోని ఒఫెన్‌బుర్గు నగరమున ఎన్నె బుర్దా అను గృహిణి 1950 లో తన ఫ్యాషను పత్రికను స్థాపించి, పిమ్మట కత్తిరింపు పటములను దానిలోనే చేర్చి యిచ్చెను.

కాగితమునకు తోడుగా యంత్రము నిలిచినది. ఐజాక్ సింగరు 1851 లో తన కుట్టుయంత్రమునకు పేటెంటు పొందెను. ఆ శతాబ్దపు చివరి పాదముననే ఆ యంత్రములు హిందూదేశమునకు వచ్చెను. నసర్వాంజీ మెర్వాంజీ పటేలు అను పారసీ వర్తకుడు వానికి ఇచ్చట ఏజెంటుగా నుండెను. 1924 లో జి. రామచంద్రన్ అను విద్యార్థి యంత్రములను గూర్చి ప్రశ్నించినప్పుడు మహాత్మాగాంధి సింగరు కుట్టుయంత్రమును తన నిషేధమునుండి మినహాయించి, అది భార్య కష్టమును చూడలేని భర్త ప్రేమనుండి పుట్టినదని చెప్పెను. చరిత్ర చెప్పునది వేఱు. సింగరు బోస్టనులోని యొక యంత్రశాలలో ఇతరుల కుట్టుయంత్రములోని లోపములను చూచి, లాభాపేక్షతోనే దానిని బాగుచేసెను. అయినను గాంధీగారి మాటలోని సారము చెడలేదు. ఏ యుద్దేశముతో పుట్టినను, యంత్రము ఎవరి చేతిలో నుండి ఎవరి శ్రమను తగ్గించుచున్నదో అదియే మనము చూడవలసినది. 1930 తరువాతి దశకమున కలకత్తాలో జయ్ ఇంజనీరింగు కంపెనీవారి ఉషా యంత్రములు బయలుదేరినపిమ్మట స్వదేశీ యంత్రమును మధ్యతరగతి యింట అడుగుపెట్టినది.

మన ప్రాంతమున ఈ విద్యకు త్రోవ చూపినవారిలో క్రైస్తవ మిషనరీలు ముందువారు. లూథరను మిషను 1842 లో హెయరు దొరతో గుంటూరున ప్రారంభమైనది. చదువుతోపాటు సూదిపని నేర్పుట మిషను బాలికా పాఠశాలల రీతి. సంస్కర్తలు దీనికి స్వావలంబనమను అర్థమును చేర్చిరి. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922 లో గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీలకు చదువును చేతిపనులను నేర్పించిరి. దుర్గాబాయమ్మగారు 1937 లో చెన్నపట్టణమున నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభయు ఆ మార్గమునే విస్తరింపజేసినది. భర్త పోయిన స్త్రీ పుట్టింట వంటయింటి మూలకే పరిమితము కాక తన కూడు తాను సంపాదించుకొనుటకు కుట్టుపని యొక యాధారమైనది. ప్రభుత్వమువారి టైలరింగు పరీక్షలలో లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అను తెగ లేర్పడిన పిమ్మట, ఎదకొలతను నాలుగింటను ఎనిమిదింటను భాగించి, గోధుమరంగు కాగితముపై మెడను, చంకను గీయుట వేలకొలది బాలికలు నేర్చిరి. లెక్కల పుస్తకము చూచి భయపడిన పిల్లయే రవిక కాగితముపై భిన్నములను నిర్భయముగా గుణించుట మేమెఱుగుదుము.

నేడు 32, 34, 36 అంగుళముల ఎదకొలతలకు కత్తిరించిన రవిక కాగితములు అంగళ్లలో దొరకుచున్నవి. గౌనులకును చొక్కాలకును దొరకుచున్నవి. దేశమున మీటరు కొలమానము వచ్చి అఱువదియేండ్లు దాటినను కుట్టువారి టేపులో అంగుళమే రాజ్యమేలుచున్నది. ఇంతటితో ఆది రవిక అవసరము తీరినదా యనినచో, తీరలేదు. ఏలయన కాగితమును ఒకానొక సగటు దేహమునకు గీసినదే. ఆ సగటు ఎవరిది? అమెరికా వ్యవసాయశాఖవారు 1939, 1940 సంవత్సరములలో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిచి 1941 లో ఫలితములు ప్రకటించిరి. శ్వేతజాతి కానివారి కొలతలను ఆ లెక్కనుండి తొలగించిరి. తమ దేశపు స్త్రీలనే అందఱిని లెక్కింపని కొలత పెదకాకాని గృహిణికి సరిపోవునని ఎట్లు నమ్ముదుము? మన దేశమున హైదరాబాదుతో సహా ఆఱు నగరములలో 25,000 మందిని కొలిచి భారతీయుల పరిమాణములను నిర్ణయింపవలెనను ప్రయత్నము 2018 లోగాని ప్రకటింపబడలేదు.

కావున కాగితమును దిద్దుకొనుటయే అసలైన విద్య. దీని సూత్రము స్వల్పము. రవిక కాగితమున ముందుభాగము సగము, వెనుకభాగము సగము మాత్రమే యుండును. అనగా ప్రతి ముక్కయు దేహపు చుట్టుకొలతలో నాలుగవ వంతు. ఆ ముక్కలో అర అంగుళము పెంచినచో రవికలో రెండంగుళములు పెరుగును. 34 కాగితమును 36 ఎదకు మార్చుటకు ప్రతి ముక్కకు అర అంగుళము చాలును. తెలియనివారు ఒక్కొక్క ముక్కకు రెండంగుళములు చేర్చి, రవిక సంచివలె నున్నదని కాగితమును నిందింతురు. ఎద పెరిగినంత మాత్రమున భుజము పెరగదు. దానిని వేఱుగ కొలువవలెను. పొడవు చాలనిచో అంచున అతుకక, చంకకు దిగువను కాగితమును అడ్డముగా కోసి, కావలసినంత ఎడము చేసి, క్రింద వేఱు కాగితము అంటింపవలెను; అప్పుడు చంక వంపు చెడదు. కాగితముపై నున్న బాణపు గీత గుడ్డ పడుగు వెంబడి నుండవలెను. ఐమూలగా పోయినచో ఉతికిన పిదప రవిక సాగును. మగ్గపు నూలుగుడ్డను ముందుగా తడిపి ఆరవేసి కత్తిరింపవలెను. క్రొత్తగుడ్డ ముట్టుటకు ముందు పాతచీర ముక్కపై టాకాలు వేసి తొడిగి చూచుకొనుట అన్నింటికంటె క్షేమము.

ఈ దిద్దుబాటు మన పెద్దలకు క్రొత్త కాదు. ఎదుగు పిల్ల పరికిణీకి అడుగున టక్కులు మడచి కుట్టి ఏటేట ఒకటి విప్పిన అమ్మమ్మయు, ప్రక్కకుట్టులో అంగుళము గుడ్డ లోపల వదలిన దర్జీయు ఒక సత్యమును ఎఱిగినవారే: దేహము కదలును, కావున కొలతయు కదలవలెను. అచ్చుకాగితము ఈ సత్యమును చెప్పదు. మనము దానికి చేర్చి చెప్పవలెను.

ఒక హెచ్చరిక అవసరము. ఇంట యంత్రము చేరినచో కుట్టు అంతయు గృహిణి విధియే యగుననియు, దానికి వెల లేదనియు తలచుట మన కుటుంబములకు సులభము. దర్జీకి కూలి యిచ్చుటకు వెనుకాడనివారు కోడలు రాత్రి పదిగంటలదాక కుట్టిన రవికకు లెక్క కట్టరు. 2020 లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఇండ్లలోనే మాస్కులు కుట్టి యిచ్చిరి. ఒక చిన్న నమూనా, ఒక యంత్రము, ఓపిక గల చేతులు లోకమున కెంత అవసరమో అప్పుడందఱకు తెలిసినది. ఆ యవసరము తీరినంతనే ఆ చేతుల వెలను మఱచుట న్యాయము కాదు.

మా విన్నపమిది. పిల్లకు యంత్రము కొనిపెట్టువారు దానితోపాటు పెన్సిలును, టేపును, పాత వార్తాపత్రికలను గూడ ఇయ్యవలెను. గీసిన గీత వెంబడి కత్తిరించుట చేతి నేర్పు. ఆ గీత తనకు సరిపడునా యని ప్రశ్నించి దిద్దుట బుద్ధి నేర్పు. మొదటిది కూలి తెచ్చును. రెండవది ధైర్యమును తెచ్చును. తన రవిక చంక ఎందుకు బిగువైనదో తానే కనుగొని విప్పి కుట్టుకొనిన పిల్ల, పెద్దలు ఆదిగా పంపిన ఇతర విషయములలోను బిగువెక్కడ నున్నదో వెదకకపోదు.