రంగత్‌లో పర్ణశాల

నడుం పట్టేసింది. చీకటితో శ్రీ విజయపురంలో (నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్) ఎక్కిన బస్సు దాదాపు 170 కిలోమీటర్లు తిప్పి తిప్పి మిమ్మల్ని రంగత్ బజారులో దింపింది. జిర్కాటాంగ్ గేటు దగ్గర బళ్లన్నీ బారుతీరి ఆగాయి. జరవా ఆదివాసుల అడవి దాటేదాకా ఎవరూ ఫోన్ పైకి తీయలేదు. మిడిల్ స్ట్రెయిట్ దగ్గరైతే బస్సే పడవెక్కింది.

బజారులో చేపల గంపల మధ్య నడుస్తున్నారు. బేరాలు హిందీలో, తిట్లు బెంగాలీలో. ఇడ్లీ కొట్టు అరవవాళ్లది. మీరు ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే ఎండుచేపల దగ్గర కూర్చున్నావిడ తలెత్తింది. ‘‘ఏ ఊరు బావూ మీది?’’ అచ్చం సిక్కోలు యాస. ఆశ్చర్యపోకండి. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది ఇంటి భాష తెలుగే.

అసలు ఆశ్చర్యం జీపు దగ్గరుంది. డ్రైవరు కేకేస్తున్నాడు: ‘‘పంచవటి! పర్ణశాల!’’ భద్రాచలం వెళ్లొచ్చిన తెలుగువాడికి కాలు నిలుస్తుందా? ఎక్కేశారు. రంగత్ చుట్టుపక్కల దశరథ్‌పూర్, కౌసల్యానగర్, జనక్‌పూర్, మిథిల, శబరి, ఊర్మిళాపూర్ కూడా ఉన్నాయి. అయోధ్య నుంచి పంచవటి చేరడానికి రాముడికి ఏళ్లు పట్టాయి. ఇక్కడ దశరథుడి ఊరూ పర్ణశాలా ఒకే బజారుకొచ్చి ఉప్పూ పప్పూ కొనుక్కుంటాయి.

ఈ పేర్లు వనవాసుల ఊళ్లవే. దేశ విభజనలో తూర్పు బెంగాల్ వదిలిన కుటుంబాలను 1949 నుంచి ఓడల్లో అండమాన్‌కు తెచ్చారు. రంగత్ వంతు 1950ల్లో వచ్చింది. ఇంటికి ఐదెకరాల పల్లపు భూమి, ఐదెకరాల కొండవాలు. భూమి అన్నది కాగితం మీద మాటే, కళ్లెదుట ఉన్నది అడవి. పడౌక్, గర్జన్ మానులు కొట్టడానికి ఛోటానాగపూర్ నుంచి వచ్చిన ‘రాంచీ’ కూలీలు, దుంగలు లాగే ఏనుగులు అప్పటికే ఈ దీవుల్లో ఉన్నాయి. తర్వాత మలయాళీలు వచ్చారు. పద్మనాభపురం అనే ఊరి పేరే వాళ్ల ఆనవాలు. మన దగ్గర ‘సెటిలర్’ మాటకు కాస్త ఎత్తిపొడుపు ఉంటుంది. ఇక్కడ అది సర్కారు కాగితాల్లో రాసిన హోదా.

వీళ్లందరికంటే ముందు మధ్య అండమాన్ కోల్, జువోయ్, కేదె తెగలది. 1877లో తట్టు, ఆ వెనకా ముందూ ఇతర రోగాలు వాళ్లను ఊడ్చేశాయి. ఈ వాగులను వాళ్లు ఏమని పిలిచేవారో చెప్పే నోరు లేదు. ఖాళీ అయిన చోట రామాయణం వచ్చి కూర్చుంది.

జీపు దిగారు. డిసెంబరు కదా, నాలుగున్నరకే ఎండ పచ్చబడింది, ఐదు దాటితే చీకటే. రోడ్డు వారగా సిమెంటు ఇళ్లు, మొబైల్ కొట్టు. ఊరు మెల్లగా రంగత్ పేటలో కలిసిపోతోంది. ఒక ఇంటి వెనక మాత్రం పాత లెక్క చెడలేదు: పల్లంలో కోసిన వరి మోళ్లు, వాలు మీద వక్కచెట్లు, వాకిట్లో ఆరబోసిన వక్కలు. ఎండి పీచు తేలిన కాయను ముసలాయన కత్తితో నిలువునా చీల్చి, గింజను బొటనవేలితో పైకి గెంటి బుట్టలో వేస్తున్నాడు. అమ్మ చంకలో వచ్చాడట. ఓడ గుర్తులేదు.

చేపలావిడ ప్రశ్నే మీ నోట హిందీలో వచ్చింది: ‘‘మీదే ఊరు?’’

ఢాకా అంటాడో బరిసాల్ అంటాడో అని చూశారు. ఆయన కత్తి ఆపలేదు. ‘‘పర్ణశాల,’’ అన్నాడు. తర్వాత కత్తి మొనతోనే పొలం గట్టు చూపించాడు, ‘‘అదిగో, ఆ చింతచెట్టు దాకా.’’