ఫలక్‌నుమా సౌధము

భాగ్యనగరమున చార్మినారునకు దక్షిణముగా నించుమించు 5 కిలోమీటర్ల దూరమున, చిన్నకొండమీఁద ఫలక్‌నుమా సౌధము గలదు. 'ఫలక్' అనఁగా నాకాశము, 'నుమా' అనఁగాఁ జూపునది. పారసీక నామమే యైనను గగనదర్పణమని సంస్కృతీకరించిన నందగించునని మాకుఁ దోఁచుచున్నది.

పైగావంశీయుఁడగు వికారుల్ ఉమ్రా 1884 సం.న దీనికి శంకుస్థాపన చేసెను. వృశ్చికాకారపుఁ గట్టడము, ఇటలీదేశపుఁ జలువరాయి, 101 మంది యొక్కమాఱు కూర్చుండఁదగిన భోజనపుబల్ల, ఇన్నియు సమకూరునప్పటికి ఋణభార మాయన నావరించెను. తుదకు 1897 ప్రాంతమున నాఱవ నిజామగు మహబూబ్ అలీఖాను దీనిఁ గైకొనెను. 1911లో నిచ్చటనే కాలధర్మము నొందెను. కట్టినవాఁడు రాజ్యమునకుఁ బ్రధానమంత్రి యయ్యును దన మేడను నిలుపుకొనఁజాలకపోయెను!

1950 తరువాతఁ జాలకాలము తలుపులు మూయఁబడియే యుండెను. పిమ్మట గుత్తకుఁ బుచ్చుకొన్న తాజ్ హోటళ్లవారు, రాకుమారి ఎస్రా పర్యవేక్షణమున, సుమారు పదియేండ్లు శ్రమించి 2010లో హోటలుగాఁ దెఱచిరి. బల్లలు, దీపవృక్షములు, గ్రంథాలయము తమతమ చోటులనే నిలిచినవి. ఇదియే మాకు ముఖ్యముగాఁ గన్పట్టుచున్నది. ఏలయన నేఁడు కొందఱు పాతమేడలను గొని, టేకు స్తంభములను, ద్వారబంధములను విడివిడిగా నమ్ముకొనుచున్నారు.

పూర్వుల మేడఁ గొనఁగోరు సోదరులకు మా మనవి యొక్కటి. సున్నపుగోడ తేమను బీల్చి మఱల విడుచును. దానిపై సిమెంటు మెత్తిన తేమ లోననే నిలిచి గోడ చెడును. కావున వెల యడుగుటకు ముందు సున్నపుఁబని తెలిసిన మేస్త్రిని వెంటఁ గొనిపోయి, వానకాలమున నింటికప్పు నొకమాఱు చూపింపుఁడు.